గిట్ చరిత్ర చూడటానికి ఏ టూల్ పెట్టుకోవాలి?

మా నెల్లూరు తీరం పల్లెల్లో తెల్లవారుజామున అయిదున్నరకు ఫోన్ మోగిందంటే అది రొయ్యల గురించే అయి ఉంటుంది. ఆ రోజు ఫోన్ విడవలూరు వైపు నుంచి. నేను రాసిచ్చిన కొనుగోలు బిల్లుల ప్రోగ్రాం వాడే వ్యాపారి. "అన్నా, రైతు ఒప్పుకోవడంలా. చేత్తో లెక్కేస్తే నలభై ఆరు కౌంటు, నీ బిల్లులో నలభై ఏడు పడతా ఉంది. గట్టు మీద అందరం నిలబడి ఉండాం, ఏం చెప్పమంటావు?"

రొయ్యల సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. ఒక్క కౌంటుకు కిలో మీద మూడు రూపాయలు తేడా అనుకున్నా, రెండు టన్నుల పట్టుబడి మీద ఆరు వేలు. రైతు ఒప్పుకోకపోవడంలో తప్పేముంది?

లెక్క 46.3 వచ్చింది. ప్రోగ్రాం దాన్ని 46 చేయాలి, 47 చేస్తోంది. అంటే దగ్గరి అంకెకు కాకుండా పైకి సవరిస్తోంది. ఎప్పటినుంచి చేస్తోంది? ఎవరు మార్చారు? ఎందుకు మార్చారు? ఆ ఫైలుకు గిట్‌లో (కోడులో ప్రతి మార్పునూ ఎవరు, ఎప్పుడు చేశారో దాచిపెట్టే ప్రోగ్రాంలో) రెండేళ్ల చరిత్ర ఉంది, ముగ్గురం చేతులు పెట్టిన కోడు.

మార్చింది నేనే. పదకొండు నెలల కిందట, "చిన్న మార్పులు" అనే సందేశంతో ఒక కమిట్ (గిట్‌లో ఒకసారికి దాచిన మార్పుల మూట). అది కనుక్కోవడానికి మొదట ఒక అందమైన గ్రాఫ్ టూల్ తెరిచి నలభై నిమిషాలు పైకీ కిందికీ జరిపాను. తర్వాత ఇరవై ఏళ్ల నాటి పాత టూల్ తెరిస్తే రెండు నిమిషాల్లో దొరికింది. ఆ తేడా ఎందుకొచ్చిందో అర్థమయ్యాక టూల్స్ గురించి నా అభిప్రాయం మారిపోయింది. ఎవరైనా "అన్నా, గిట్ హిస్టరీకి ఏది మంచిది?" అని అడిగితే ఇప్పుడు ఎదురు ప్రశ్న వేస్తున్నాను: "హిస్టరీని నువ్వు ఏం అడుగుతావు?"

మూడు ప్రశ్నలు

చరిత్రను మనం అడిగేవి ముఖ్యంగా మూడు. ఈ లైను ఎప్పుడు, ఎవరు, ఎందుకు మార్చారన్నది మొదటిది. ఏ బ్రాంచి (కోడులో విడిగా సాగే దారి) ఎక్కడ చీలింది, ఎక్కడ కలిసింది, ఫలానా మార్పు కస్టమర్‌కు ఇచ్చిన వెర్షన్‌లో ఉందా లేదా అన్నది రెండోది. నిన్న రాత్రి చేసిన పని ఈ రోజు కనబడటం లేదు, ఎక్కడికి పోయింది అన్నది మూడోది. ఈ మూడోది టెన్షన్‌లో అడిగే ప్రశ్న.

అమ్మేవాళ్లు చూపించేదంతా రెండో ప్రశ్నకు జవాబు. రంగురంగుల గీతలు, గూడూరు జంక్షన్ యార్డులో పట్టాలు చీలి కలిసినట్టు. స్క్రీన్‌షాట్‌లో బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ నా పనిలో పదిసార్లకు ఎనిమిదిసార్లు అడిగేది మొదటి ప్రశ్న. ఇద్దరు ముగ్గురే ఉన్న జట్టులో బ్రాంచీలు ఎన్ని ఉంటాయి కనుక? ఇరవై మంది ఒకే రిపోలో (కోడూ దాని చరిత్రా ఉండే ఫోల్డర్‌లో) రాస్తుంటే గ్రాఫ్ విలువ వేరు. అది తర్వాత చెబుతాను.

టెర్మినల్ ఒక్కటే చాలదా?

టెర్మినల్ అంటే కమాండ్లు టైప్ చేసే చోటు. అది చాలనుకునేవాళ్లకు చాలు. గిట్ లాగ్ అనే కమాండ్‌కు గ్రాఫ్, ఆల్, వన్‌లైన్ అనే మూడు ఆప్షన్లు తగిలిస్తే చుక్కలూ గీతలూ అక్షరాలతోనే గీసి చూపిస్తుంది. చరిత్రలో వెతకడానికి గిట్‌లో ఉన్న సత్తువంతా కమాండ్లలోనే ఉంది, బొమ్మల టూల్స్ దాని మీద తొడిగిన చొక్కాలు. అయితే చరిత్ర చదవడమంటే ఒక కమిట్ చూసి, దాని ముందుది చూసి, మళ్లీ వెనక్కి వచ్చి, ఇంకో ఫైలు చూడటం. ఒక్కోదానికి హాష్ (కమిట్‌ను గుర్తించే అక్షరాల వరుస) కాపీ చేసుకుంటూ కూర్చుంటే, వెతుకుతున్నదేమిటో మధ్యలో మర్చిపోతాం. కమిట్ చేయడానికి టెర్మినల్, చదవడానికి కిటికీ. ఇది నా పద్ధతి.

గిట్‌కే: ముసలిదే కానీ

లైనస్ టోర్వాల్డ్స్ గిట్ మొదలుపెట్టింది 2005 ఏప్రిల్‌లో. లినక్స్ కెర్నల్ వాళ్లు అప్పటిదాకా వాడిన బిట్‌కీపర్‌కు ఉచిత లైసెన్సు పోవడంతో. అదే ఏడాది పాల్ మెకెరాస్ అనే కెర్నల్ డెవలపర్ చరిత్ర చూడటానికి గిట్‌కే రాశాడు, టికిల్ టీకే అనే భాషలో. చూడటానికి ఇప్పటికీ ఆ కాలం బూడిదరంగు కిటికీలాగే ఉంటుంది. మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు మొదటిసారి చూసి "ఇది విండోస్ తొంభై ఎనిమిదా అన్నా?" అన్నాడు.

కానీ ఇది గిట్‌తో పాటే వస్తుంది. విండోస్‌లో గిట్ వేసుకున్నప్పుడే గిట్‌కే కూడా దిగి ఉంటుంది, చాలామందికి ఆ సంగతే తెలియదు. రిపో ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి గిట్ గుయి తెరిచి, రిపాజిటరీ మెనూలో విజువలైజ్ ఆల్ బ్రాంచ్ హిస్టరీ నొక్కితే వచ్చేది ఇదే. ఉబుంటులో ఆ పేరుతోనే విడిగా వేసుకోవాలి. అకౌంట్ లేదు, లాగిన్ లేదు, నెట్ అవసరం లేదు. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న కాలేజీ లాప్‌టాప్‌లో కూడా చప్పున తెరుచుకుంటుంది.

కిటికీ పైభాగంలో కమిట్ల వరుస. పసుపు చుక్క మీరిప్పుడు నిలబడిన చోటు, మిగతావి నీలం. ఇంకా కమిట్ చేయని మార్పులు ఉంటే అన్నింటికన్నా పైన ఎర్ర చుక్క, స్టేజ్ చేసినవైతే (తర్వాతి కమిట్ కోసం ఎంచిపెట్టినవైతే) పచ్చ చుక్క. కింద ఎడమవైపు డిఫ్ (మారిన లైన్లు), కుడివైపు మారిన ఫైళ్ల పేర్లు. ఇంతే. ఇందులో గొప్పేమీ లేదు.

గొప్ప ఉన్నది మధ్యలో ఉన్న వెతుకులాట పెట్టెలో. అక్కడ చిన్న మెనూ ఉంటుంది. మామూలుగా కమిట్ సందేశాల్లో వెతుకుతుంది, చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆ మెనూ తెరిచి "యాడింగ్ ఆర్ రిమూవింగ్ స్ట్రింగ్" అన్నది ఎంచుకుని, కోడులో ఉన్న మాట ఒకటి టైప్ చేయండి. ఆ మాట ఎన్నిసార్లు ఉందన్న లెక్క ఏ కమిట్‌లో పెరిగిందో, తగ్గిందో ఆ కమిట్లన్నీ ముద్ద అక్షరాల్లో తేలుతాయి. నేను ఆ రోజు చేసింది ఇదే: పైకి సవరించే ఫంక్షన్ పేరు కొట్టాను, రెండే కమిట్లు తేలాయి. ఒకటి ఆ ఫంక్షన్ మొదటిసారి వచ్చినప్పటిది. రెండోది "చిన్న మార్పులు".

ఇక్కడ ఒక మెలిక ఉంది. లైను అదే ఉండి చోటు మారినా, ఆ మాట ఉన్న లైనులో ఇంకేదో మారినా లెక్క మారదు కాబట్టి ఈ వెతుకులాటకు చిక్కదు. అప్పుడు దాని కిందే ఉన్న "చేంజింగ్ లైన్స్ మ్యాచింగ్" వాడాలి. అది లెక్క చూడదు, మారిన లైన్లలో ఆ మాట ఉందా అని చూస్తుంది. ఒక ఫైలుకో ఫోల్డర్‌కో సంబంధించినవి మాత్రమే కావాలంటే "టచింగ్ పాత్స్" ఉంది.

డిఫ్‌లో ఒక లైను మీద రైట్ క్లిక్ చేస్తే "షో ఆరిజిన్ ఆఫ్ దిస్ లైన్" అని వస్తుంది. ఆ లైను పుట్టిన కమిట్‌కు తీసుకెళుతుంది. ఒక కమిట్ మీద క్లిక్ చేసి, ఎక్కడో దూరంగా ఉన్న ఇంకో కమిట్ మీద రైట్ క్లిక్ చేస్తే ఆ రెండింటి మధ్య తేడా మొత్తం చూడొచ్చు. పోయిన నెల ఇచ్చిన వెర్షన్‌కూ ఈ నెల వెర్షన్‌కూ తేడా అడిగినప్పుడు ఇదే నాకు దిక్కు. కొత్త కమిట్లు వచ్చాక ఎఫ్5 కొట్టడం మర్చిపోకండి, అది తనంతట తాను తాజా అవదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. అక్షరాలు చిన్నవి, పెద్ద రిజల్యూషన్ స్క్రీన్ మీద మరీ చీమల్లా ఉంటాయి, ప్రిఫరెన్సెస్‌లో ఫాంటు పెంచుకోవాలి. లక్షల కమిట్లున్న రిపోలో అన్నీ చదువుకునేదాకా కూర్చోవాలి. కమిట్ చేయడానికి పనికిరాదు, దానికి గిట్ గుయి వేరు. ఇంకో పెద్ద లోపం తెలుగు విషయంలో, అది తర్వాత.

ఎడిటర్ లోపలివి

వీఎస్ కోడ్ వాడేవాళ్లకు ముందు చెప్పాల్సింది, కొత్తగా ఏదీ వేసుకోకముందే చాలా ఉందని. ఎక్స్‌ప్లోరర్ అడుగున టైమ్‌లైన్ అనే చిన్న పెట్టె ఉంటుంది. తెరిచిన ఫైలుకు సంబంధించిన కమిట్లు అక్కడ వరుసగా ఉంటాయి, నొక్కితే తేడా వస్తుంది. 2022 నుంచి కమిట్ చేయని సేవ్‌లు కూడా అందులో కనబడుతున్నాయి. కరెంటు పోయి వచ్చాక ఏం చేశామో గుర్తులేనప్పుడు అది ప్రాణదానం. 2024లో సోర్స్ కంట్రోల్ పానెల్‌లోకి గ్రాఫ్ కూడా వచ్చింది. ఆ ఏడాది చివర్లో లైను పక్కనే ఎవరు రాశారో చూపే బ్లేమ్ వచ్చింది, సెట్టింగుల్లో ఆన్ చేసుకోవాలి. కాబట్టి గిట్ గ్రాఫ్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకోమని పాత వీడియోల్లో చెప్పే సలహా ఇప్పుడు అంత అవసరం లేదు. అది బాగానే పనిచేస్తుంది కానీ 2021 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు.

గిట్‌లెన్స్ అనే ఎక్స్‌టెన్షన్ సంగతి వేరు. లైను పక్కన పేరు, తేదీ, ఆ లైను వెనకటి రూపాలకు ఒక్కొక్క మెట్టూ దిగే బాణాలు అన్నీ ఇస్తుంది. మొదటి ప్రశ్నకు ఇంత సుఖమైన జవాబు ఇంకెక్కడా లేదు. 2021లో గిట్‌క్రాకెన్ (కింద చెప్పబోయే గ్రాఫ్ టూల్) వాళ్లు దాన్ని తీసుకున్నారు. దాని కమిట్ గ్రాఫ్‌ను ప్రైవేటు రిపోలో వాడాలంటే డబ్బు కట్టాలి, బ్లేమ్ వరకు ఉచితం. నేను వేసుకుని సగం ఫీచర్లు ఆపేసుకున్నాను. ప్రతి లైను పక్కనా నా పేరు మెరుస్తుంటే తప్పు ఒప్పుకుంటున్నట్టు ఉంటుంది.

ఆండ్రాయిడ్ స్టూడియో, ఇంటెలిజే, పైచార్మ్ వాడేవాళ్లు మాత్రం అసలు వెతుక్కోవద్దు. వాటిలో ఉన్న గిట్ లాగ్ విడిగా అమ్మే టూల్స్‌కు ఏమాత్రం తీసిపోదు. నాలుగు లైన్లు సెలెక్ట్ చేసి "షో హిస్టరీ ఫర్ సెలెక్షన్" అంటే ఆ నాలుగు లైన్ల చరిత్ర మాత్రమే వస్తుంది. బ్లేమ్ కాలమ్‌లో రైట్ క్లిక్ చేసి "యానొటేట్ ప్రీవియస్ రివిజన్" అంటే ఆ కమిట్‌కు ముందు ఎవరు రాశారో చూపిస్తుంది. కావలిలోనో ఒంగోలులోనో ఇంజినీరింగ్ చదువుతూ ప్రాజెక్టుకు ఆండ్రాయిడ్ యాప్ చేస్తున్న పిల్లలకు ఇది చేతిలోనే ఉంది. వాళ్లు మాత్రం గిట్ టూల్ ఏదో డౌన్‌లోడ్ చేసుకోవాలని నెట్ అంతా తిరుగుతుంటారు.

ఆ "ముందటి రివిజన్" బాణం ఎందుకంత ముఖ్యమో నా కథే చెబుతుంది. మొదటి నలభై నిమిషాల్లో నేను బ్లేమ్ చూడకపోలేదు. చూశాను. ఆ లైను మీద ఉన్న పేరు మా కుర్రాడిది. పాపం వాడు చేసిందల్లా ఫార్మాటర్ నడపడం. ఫైలు మొత్తం ఖాళీలు సర్దుకున్నాయి, ప్రతి లైనూ వాడి పేరు మీదికి వచ్చింది. బ్లేమ్ ఆఖరిసారి తాకినవాణ్ని చూపిస్తుంది, తప్పు చేసినవాణ్ని కాదు. ఒక మెట్టు వెనక్కి దిగే వీలు లేని టూల్‌లో అక్కడే గోడ తగులుతుంది. ఇలాంటి సర్దుబాటు కమిట్లను పట్టించుకోవద్దని ఒక ఫైలులో రాసిపెట్టుకునే సదుపాయం గిట్‌లో 2019లో వచ్చిన 2.23 వెర్షన్ నుంచి ఉంది. మేం ఆ వారమే పెట్టుకున్నాం.

విడిగా వేసుకునేవి

వీటన్నిటినీ ఒకేలా పొగడటం నాకు చేతకాదు.

గిట్‌హబ్ డెస్క్‌టాప్ కమిట్ చేయడానికి, పుష్ చేయడానికి (సర్వర్‌కు పంపడానికి) హాయిగా ఉంటుంది. కొత్తవాళ్లకు మొదటి టూల్‌గా నేనూ అదే చెబుతాను. కానీ చరిత్ర చూడటానికి దాన్ని ఎంచుకోవద్దు. ఒక బ్రాంచి కమిట్లు జాబితాగా చూపిస్తుంది, గ్రాఫ్ లేదు. లినక్స్‌కు అధికారికంగా లేదు కూడా.

సోర్స్‌ట్రీ అట్లాసియన్ వాళ్లది, ఉచితం, విండోస్‌కూ మాక్‌కూ ఉంది. గ్రాఫ్ ఉంది, ఫైలు చరిత్ర ఉంది. జీతం మీద పనిచేసే చోట అందరికీ ఒకటే టూల్ ఉండాలని మేనేజర్ అనుకుంటే ఇది సర్దుకుపోతుంది. నాకు దీనిమీద గట్టి అభిప్రాయం లేదు.

గిట్‌క్రాకెన్ గ్రాఫ్ చాలా అందం. మొదట్లో చెప్పిన ఇరవై మంది జట్టుకు, రెండో ప్రశ్న రోజూ అడిగేవాళ్లకు ఇది నిజంగా పనికొస్తుంది: ఎవరి బ్రాంచి ఎక్కడుందో ఒక్క చూపులో తెలుస్తుంది, లాగి వదిలితే రెండు బ్రాంచీలు కలిసిపోతాయి (మెర్జ్). లినక్స్‌లోనూ ఉంది. ప్రైవేటు రిపోలకు డబ్బు కట్టాలి. ఎలెక్ట్రాన్ (బ్రౌజర్ సరుకుతో యాప్ కట్టే పద్ధతి) మీద కట్టింది కనుక ర్యామ్ కూడా కాస్త ఎక్కువే కావాలి.

డబ్బు పెట్టి కొనేవాటిలో నేను సిఫారసు చేసేవి రెండు. ఫోర్క్ విండోస్‌కూ మాక్‌కూ ఉంది, ఒక్కసారి కొంటే చాలు, కొనేముందు వాడి చూడొచ్చు. వేగంగా ఉంటుంది, బ్లేమ్‌లో వెనక్కి నడవొచ్చు. రెండోది సబ్లైమ్ మెర్జ్, 2018లో వచ్చింది, లినక్స్‌లోనూ నడుస్తుంది. కొనకపోయినా గడువు లేకుండా వాడుకోనిస్తారు, నల్ల థీమ్ మాత్రం కొన్నవాళ్లకే. రాత్రిళ్లు పనిచేసేవాళ్ల దగ్గర డబ్బు రాబట్టడానికి ఇంతకన్నా తెలివైన ఎత్తు నేను చూడలేదు. ఇందులో వెతుకులాట చాలా వేగం.

విండోస్‌లో ఫోల్డర్ల మీద రైట్ క్లిక్‌తోనే బతికే అలవాటు ఉన్నవాళ్లకు టార్టాయిస్‌గిట్. పాతకాలంలో సబ్‌వెర్షన్‌కు (గిట్‌కు ముందటి ఇలాంటి ప్రోగ్రాంకు) టార్టాయిస్ వాడినవాళ్లు మన దగ్గర ప్రభుత్వ ప్రాజెక్టులు చేసే ఆఫీసుల్లో ఇప్పటికీ ఉన్నారు, వాళ్లకు చేయి తిరిగిన మెనూలే ఇవి. దాని లాగ్ కిటికీ చూడటానికి మొరటు, పని మాత్రం గట్టిది.

ఇక సర్వర్లోకి ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచే టెర్మినల్ ద్వారా) వెళ్లి చూడాల్సిన సందర్భం. అక్కడ కిటికీలు ఉండవు. టిగ్ వేసుకోండి. గిట్ అక్షరాలు తిరగేస్తే టిగ్. టెర్మినల్‌లోనే గిట్‌కే లాంటిది. బాణం మీటలతో నడవొచ్చు, బ్లేమ్‌లో ఒక లైను మీద నిలబడి కామా కొడితే ఆ కమిట్‌కు ముందటి బ్లేమ్‌కు దిగుతుంది. లేజీగిట్ కూడా బాగుంటుంది, అయితే అది పని చేయడానికి ఎక్కువ, చదవడానికి తక్కువ.

తెలుగు రాసేవాళ్లు తప్పక చూసుకోవాల్సింది

మా బిల్లుల మీద అక్షరాలన్నీ తెలుగే. "పట్టుబడి తేదీ", "మెత్తరొయ్య కోత", ఇలాంటివన్నీ కోడులో ఉంటాయి. ఈ సంగతి ఇంగ్లీషు రివ్యూల్లో ఎక్కడా దొరకదు, అందుకే కొంచెం సాగదీస్తాను.

లినక్స్‌లో గిట్‌కే తెలుగును సరిగా పేర్చదు. ఒత్తులు కిందికి వెళ్లకుండా పక్కన వచ్చి కూర్చుంటాయి, గుణింతాలు విడిపోతాయి. అది గిట్‌కే కిటికీని గీసే టీకే లోపం. చాలా టెర్మినళ్లలో కూడా ఇదే గోల కాబట్టి టిగ్‌కూ ఇదే వర్తిస్తుంది. వీఎస్ కోడ్, గిట్‌క్రాకెన్ లాంటివి లోపల క్రోమ్ బ్రౌజర్ సరుకే కనుక తెలుగు చక్కగా వస్తుంది. మీ రిపోలో తెలుగు వాక్యాలు ఎక్కువుంటే, మిగతా గుణాలన్నీ పక్కనపెట్టి ఇది ఒక్కటి చూసి నిర్ణయించుకున్నా తప్పులేదు.

ఫైలు పేర్లు తెలుగులో పెట్టుంటే గిట్ స్టేటస్‌లో పేరుకు బదులు వెనకగీతలతో 340, 260 అంటూ అంకెలు వస్తాయి. ఫైలు పాడైందని భయపడకండి. తెలుగు అక్షరం ఒక్కొక్కటి మూడు బైట్లు, వాటిని గిట్ అలా అంకెల్లో రాస్తోంది. కోర్ క్వోట్‌పాత్ అనే సెట్టింగును ఫాల్స్ చేస్తే పేర్లు మామూలుగా కనబడతాయి.

ఇంకొకటి. డిఫ్‌లో ఎర్ర లైను, పచ్చ లైను రెండూ కంటికి ఒకేలా ఉంటాయి, అయినా మారిందంటుంది. ఏ టూల్‌లో చూసినా అంతే. పొల్లు అక్షరం పక్కన ఒత్తు పడకుండా ఆపడానికి కీబోర్డు కంటికి కనబడని ఒక గుర్తు పెడుతుంది. ఒకరి కీబోర్డు పెడితే, ఇంకొకరిది పెట్టలేదు. మా ఇద్దరి మధ్య "సాఫ్ట్‌వేర్" అన్న మాట నాలుగుసార్లు అటూ ఇటూ మారింది, చివరికి ఆ మాటే తీసేశాం.

కందుకూరు సమస్య

ఏ టూల్ ఎంచుకున్నా తగిలే ఒక గుంత ఉంది. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఉంది. ఆ ఏడాది ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. 2022లో జిల్లాలు మార్చినప్పుడు మళ్లీ నెల్లూరులోకి వచ్చింది. ఇప్పుడు మీరు ప్రకాశం జిల్లా కాగితాలు మాత్రమే తిరగేస్తే కందుకూరు చరిత్ర 1970లో మొదలైనట్టు కనబడుతుంది. ఊరు మాత్రం అంతకుముందు నుంచీ ఆ చోటే ఉంది.

ఫైలు ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు మారినా, పేరు మారినా అదే జరుగుతుంది. ఆ ఫైలు చరిత్ర అడిగితే, చాలా టూల్స్ పేరు మారిన రోజు దగ్గర ఆగి, ఫైలు అక్కడే పుట్టిందంటాయి. పేరు మార్చినట్టు గిట్ ఎక్కడా రాసుకోదు. పోయిన ఫైలుకూ వచ్చిన ఫైలుకూ పోలిక చూసి, మామూలుగా సగానికి పైగా కలిస్తే పేరు మారిందని ఊహిస్తుంది. అందుకే పేరు మార్చడం, లోపల భారీగా తిరగరాయడం ఒకే కమిట్‌లో చేయకండి. పోలిక తగ్గితే ఆ ఊహ తప్పుతుంది. చరిత్ర హఠాత్తుగా ఆగినట్టు అనిపిస్తే గిట్ లాగ్‌కు ఫాలో అనే ఆప్షన్ ఇచ్చి చూడండి, అది ఒక్కో ఫైలుకు మాత్రమే పనిచేస్తుంది. టూల్ వాడి చూసే రోజుల్లో మీ రిపోలో పేరు మారిన ఫైలు ఒకటి తెరిచి, వెనక్కి వెళుతుందా లేదా చూడటం మంచి పరీక్ష.

మెర్జ్ కమిట్ల దగ్గరా టూల్స్ ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. గిట్‌కే రెండు వైపులతోనూ పోల్చి చూపిస్తుంది, గొడవ లేకుండా కలిసిపోతే డిఫ్ ఖాళీ. కొన్ని మొదటి వైపుతోనే పోల్చి బ్రాంచిలో జరిగిందంతా కుమ్మరిస్తాయి. రెండూ సరైనవే, మీరు చూస్తున్నది ఏదో తెలిస్తే చాలు. తేదీలూ అంతే. ఒక్కో కమిట్‌కు రెండు తేదీలుంటాయి, రాసిన రోజు ఒకటి, చరిత్రలో పెట్టిన రోజు ఒకటి. రీబేస్ చేస్తే (కమిట్లను ఇంకో కమిట్ మీదికి మార్చి పెడితే) రెండోది మారుతుంది. "ఇది పోయిన వారం రాసింది కదా, నిన్నటి తేదీ ఎందుకుంది?" అనే తగవు అక్కడ పుడుతుంది.

పోయిన పని

మూడో ప్రశ్నకు బొమ్మల టూల్స్ అంత బలమైనవి కావు. రీసెట్ (బ్రాంచిని వెనక్కి జరిపే కమాండ్) తప్పుగా కొట్టడం వల్లనో, బ్రాంచి తీసేయడం వల్లనో పోయిన కమిట్ గ్రాఫ్‌లో కనబడదు, ఎందుకంటే దాన్ని పట్టుకున్న పేరేదీ లేదు. ఫోర్క్‌లో అలాంటివాటిని గ్రాఫ్‌లోకి తెచ్చే ఏర్పాటు ఉంది. అలాంటిది లేనిచోట టెర్మినల్లో రిఫ్‌లాగ్ (బ్రాంచీలు ఏయే కమిట్ల మీద నిలబడ్డాయో గిట్ రాసుకునే చిట్టా) చూసి, దొరికిన హాష్‌ను గిట్‌కేకు ఇస్తే అక్కడి నుంచి వెనక చరిత్రంతా తెరుచుకుంటుంది. ఇలా దిక్కులేకుండా పోయినవాటి జాడను రిఫ్‌లాగ్ మామూలుగా 30 రోజులు ఉంచుతుంది, మిగతావాటిని 90 రోజులు. అది మీ మెషీన్‌లోనే ఉంటుంది, సర్వర్ నుంచి మళ్లీ క్లోన్ చేస్తే (నకలు దించుకుంటే) రాదు. కంగారులో పాత ఫోల్డర్ డిలీట్ చేసి కొత్తగా క్లోన్ చేసినవాళ్లను ఇద్దరిని చూశాను. కమిట్ అసలు చేయకుండా పోయినదానికి ఇది పనిచేయదు, అప్పుడు వీఎస్ కోడ్ టైమ్‌లైనే ఆశ.

ఎవరికి ఏది

విద్యార్థులు రూపాయి పెట్టొద్దు. ఎడిటర్‌లో ఉన్నది వాడండి, పక్కన గిట్‌కే నేర్చుకోండి. ఇంటి నుంచి ఒంటరిగా ఫ్రీలాన్స్ చేసేవాళ్లకూ అంతే, ప్రతి క్లయింటు రిపోలోనూ అది తెరుచుకుంటుంది. విండోస్‌లో రోజంతా కోడు చదివే ఉద్యోగం అయితే ఫోర్క్ కొనండి, కంపెనీ చేత కొనిపిస్తే ఇంకా మేలు. లినక్స్‌లో ఉండి గిట్‌కే అందం నచ్చకపోతే సబ్లైమ్ మెర్జ్. జట్టు పెద్దదై, రోజూ బ్రాంచీల పంచాయితీ అయితే గిట్‌క్రాకెన్‌కు డబ్బు కట్టడంలో అర్థముంది. తెలుగు కోడులో ఎక్కువుంటే వీఎస్ కోడ్ దాటి పోవద్దు.

రెండు టూల్స్ కలిపి వాడితే తప్పేం లేదు. అన్నీ ఒకే రిపోను చదివేవే, ఒకదానిలో చేసింది ఇంకొకదానిలో కనబడుతుంది. ఒకటి మార్చి ఒకటి వాడినంత మాత్రాన ఏదీ చెడిపోదు. వేరే టూల్ నుంచి మెర్జ్ కొట్టే బటన్లు మాత్రం ఏం చేస్తాయో చూసుకుని నొక్కండి.

ఆ "చిన్న మార్పులు" కమిట్‌లో ఏముందో చెప్పనేలేదు. రొయ్యలు సర్దే ఐసు పెట్టెల సంఖ్యను పైకి సవరించాలి, అరపెట్టె అనేది ఉండదు కదా. ఆ లైను మార్చబోయి, ఫైలంతా వెతికి మార్చే కమాండ్‌తో కింద ఉన్న కౌంటు లైను కూడా మార్చేశాను. డిఫ్‌లో రెండూ పక్కపక్కనే కనబడ్డాయి. ఆరున్నరకల్లా సరిచేసి పంపాను. వ్యాపారి పదకొండు నెలల బిల్లులు మళ్లీ లెక్కేయించి, తేడా ఉన్న రైతులకు తర్వాతి పట్టుబడిలో సర్దాడు. మా కుర్రాడు మాత్రం ఫోర్క్ కొనుక్కున్నాడు, గిట్‌కే చూస్తే వాడికి ఇప్పటికీ నవ్వే.